నల్లదొరసాని మూలుగు

ఆ రోజుల్లో మా వైపు కార్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉండేవి కాబట్టి ఏ కారు వస్తోందో తల తిప్పి చూడాల్సిన పని ఉండేది కాదు. పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళు కూడా "డాక్టరుగారి బండి" అనో, "ఫారెస్టాయన జీపు" అనో, కూర కలుపుతూనే అనేసేవాళ్ళు. అది తప్పేది కాదు. ప్రతి బండికీ ఒక గొంతుండేది. ఇప్పుడు మా వీధిలో ఇంటికొక కారుంది గానీ ఒక్కటీ నోరు విప్పదు, వెనకాలే వచ్చి కాలి మడమకి తగిలేదాకా తెలీదు. అలా బండ్లు మాట్లాడే కాలంలో ఒక కారు చేసిన శబ్దాన్ని పట్టుకుని, నేనెంత చదువుకున్నవాణ్ణో లోకానికి చూపించబోయాను. ఏమైందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీకంటే ముందు నేనే బోలెడుసార్లు నవ్వుకున్నాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి ఎనిమిది నెలలైంది, ఉద్యోగం మాత్రం రాలేదు. సత్తుపల్లిలో మా ఇంటి అరుగుమీద పోస్టుమాన్ కోసం కూర్చోవడం, ఆయన మా ఇల్లు దాటి వెళ్ళిపోయాక లేచి అన్నం తినడం, ఇదీ నా దినచర్య. నన్ను చూసి చూసి విసుగెత్తి మా అమ్మ తన తమ్ముడికి, అంటే మా మావయ్యకి, ఉత్తరం రాసింది. మావయ్యకి దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డున పొగాకూ మిరపా సాగు ఉండేది. చలికాలమంతా ఆయన మకాం అక్కడే. "చదువుకున్న మేనల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని నేను మెకానిక్కుల చుట్టూ తిరగడమేంటక్కా, పంపించు. మా కారు సంగతి వాడే చూసుకుంటాడు" అని జవాబొచ్చింది. నా డిప్లొమాని ఒక మనిషి నమ్మడం అదే మొదటిసారి. సర్టిఫికెట్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మరీ బస్సెక్కాను (కారు అడిగి చూస్తుందనుకున్నానో ఏమో).

ఆ కారు ఏ కంపెనీదో చెప్పను. జరిగినదాంట్లో వాళ్ళ తప్పు ఆవగింజంత కూడా లేదు. నాకంటే రెండేళ్ళు పెద్దది. నల్లగా, గుండ్రంగా, ఎవరో పెద్దింటావిడ కొంగు కప్పుకుని కూర్చున్నట్టు ఉండేది. గేరు రాడ్డు ఇప్పటిలా సీట్ల మధ్య కాదు, స్టీరింగు పక్కనే ఉండేది. ఊళ్ళో దాన్ని నల్లదొరసాని అనేవాళ్ళు. ఆ దొరసానికి డ్రైవరు పైలట్. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. యాభై దాటిన మనిషి, సెంటు భూమి లేదు, కారు తోలడం తప్ప ఇంకో పని రాదు, షెడ్డు వెనక గదిలోనే కాపురం. పదిహేడేళ్ళుగా ఆ ఒక్క బండే తోలుతున్నాడు. నిద్రపోయే పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసినంత నెమ్మదిగా గేరు మార్చేవాడు. నేను దిగిన రోజునే మావయ్య నాకొక హద్దు గీశాడు: "ఒరే అల్లుడూ, బానెట్ ఎత్తుకో, కింద దూరు, ఏమైనా చేసుకో. స్టీరింగు మాత్రం ముట్టుకున్నావంటే మర్నాడు పొద్దున బస్సుకే మా అక్క దగ్గరికి ఎక్కిస్తా." ఉద్యోగం లేని వాడికి అరుగుని మించిన నరకం ఇంకోటి ఉండదు. నేను బుద్ధిగా తలూపాను.

కార్తీకం వెళ్ళకముందే, ఇంకా చలి దిగకముందే, ఆ హద్దు దాటాను. పొగాకు నాట్లకి కూలీలని మాట్లాడి రమ్మని మావయ్య మా ఇద్దర్నీ చర్ల వైపు ఒక సంతకి పంపాడు. పని అయిపోయింది, మధ్యాహ్నం, అడవి దారి, మనిషి జాడ లేదు. స్టీరింగు ఇమ్మని పైలట్‌ని అడిగాను. మూడుసార్లు కాదన్నాడు. నాలుగోసారి, నా మొహం చూసి జాలేసిందో ఏమో, "ఫస్టు గేర్లనే పోవాలె సాబ్. రెండోది ఎయ్యద్దు. గట్లయితెనే ఇస్త" అన్నాడు. ఒక వంద గజాలు ఫస్టు గేరులో పోయాను. ఇంజినీరన్నవాడు ఎంతసేపని ఫస్టు గేరులో పోతాడు? రెండోది వేశాను. దారి మధ్యలో ఒక రాయి కనిపించింది. అది పక్కకి జరుగుతుందని నేనెందుకనుకున్నానో ఇప్పటికీ తెలీదు.

కింద ధన్‌మని మోగింది. పైలట్ దిగి బండి కిందకి దూరాడు. గేర్‌బాక్సు అడుగున ఉండే బిరడా వదులై, ఉన్న నూనంతా ఎర్రమట్టి తాగేసింది. జేబులోంచి సబ్బుముక్క తీసి, గుడ్డపీలికతో కలిపి, బిరడాకి చుట్టి బిగించాడు. తర్వాత నా కాళ్ళ కింద చాప ఎత్తి, నూనె కొలిచే పుల్ల పైకి లాగి చూపించాడు. పొడిగా ఉంది. "బండి ఈడ్నే పెడుదం సాబ్. నేను బస్సుల భద్రాచలం పోయి రేపు గేర్ ఆయిల్ తెస్త" అన్నాడు. రేపంటే మావయ్యకి తెలుస్తుంది. మావయ్యకి తెలిస్తే అరుగు. ఆ అరుగు కళ్ళముందు కదలగానే నాలో ఉన్న చదువంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "చూడు పైలట్, అసలు నూనె పనేంటి? పళ్ళ మధ్య రాపిడి తగ్గించడం. నూనంటే నూనే. దానికి గేర్ ఆయిలే కావాలని రాసిపెట్టి లేదు" అని, అక్కడే నిలబడి, రాపిడి గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. అంతా విని, "సంతల దొరికేది ఇప్పనూనె సాబ్. గది తినేటిది" అన్నాడు పైలట్. తినడానికే పనికొచ్చేది ఇనుముకి పనికిరాదా అన్నాను. ఆయన డిక్కీలోంచి మూడు ఖాళీ సీసాలు తీశాడు (అలాంటి ప్రశ్నకి అంతకంటే ఎవరైనా ఏం చేస్తారు).

వెనక్కి నడిచి సంతకి వెళ్ళాం. ఒక కోయావిడ రేకు డబ్బాలో ఇప్పగింజల నూనె పెట్టుకుని గిద్దలతో కొలుస్తోంది. నేను మూడు సీసాలు నింపమన్నాను. ఆవిడ కోయమాటల్లో ఏదో అడిగి పక్కావిడతో కలిసి నవ్వింది. ఏమంటోందన్నాను. "ఎవలింట్ల పెండ్లని అడుగుతుంది" అన్నాడు పైలట్, మొహంలో ఒక్క గీతైనా కదలకుండా. మోదుగాకు మడిచి గరాటులా చేసి, నా చేతులతో నేనే పోశాను. బండి కదిలింది. చడీ చప్పుడూ లేదు, మునుపటికంటే మెత్తగా పోతోంది. దారి పొడుగునా నా ఉపన్యాసం కొనసాగింది. ఊరు దగ్గరపడుతుంటే మాత్రం గొంతు తగ్గించి, "పైలట్, మావయ్యకి చెప్పకు. రాయి సంగతీ, నూనె సంగతీ, ఏదీ" అన్నాను. "చెప్ప" అన్నాడు. "ఒట్టేనా?" అన్నాను. "చెప్పనన్న గద సాబ్" అన్నాడు, కొంచెం నొచ్చుకున్నట్టు.

వారం తిరక్కుండా పైలట్ మావయ్య దగ్గరికెళ్ళి గేర్ ఆయిల్ మార్పిద్దామన్నాడు. "మొన్న వానాకాలం పోగానే కదయ్యా పోయించాం, తాగుతోందా అది?" అన్నాడు మావయ్య. పైలట్ నావైపు చూశాడు. నేను పొగాకు ఆరబెట్టే బేరను కొట్టం కప్పు వైపు చూశాను. ఆ సంగతి అంతటితో ఆగిపోయింది. నేను దాన్ని పూర్తిగా మరిచిపోయాను కూడా. నమ్మరేమో గానీ నిజం. తనకి అచ్చిరాని సంగతుల్ని ఇరవై రెండేళ్ళ బుర్ర ఎంత శుభ్రంగా తుడిచేస్తుందో నాకు తెలుసు.

పుష్యమాసంలో చలి దిగింది. గోదావరి మీంచి మంచు లేచొచ్చి ఊరంతా కమ్ముకునేది. పొద్దున ఏడైనా ఎదురుగా మనిషి ఆనేవాడు కాదు. అలాంటి ఒక పొద్దున మావయ్య భద్రాచలం బయల్దేరాడు. పైలట్ గేరు వేశాడు, కారు షెడ్డులోంచి కదిలింది, కదులుతూ మూలిగింది. మూలుగంటే మామూలు మూలుగు కాదు. మొదట "ఊఁ..." అని సన్నగా ఎత్తుకుని, రెండో గేరుకి "కుయ్యోఁ" అని సాగదీసి, మూడో గేరుకి పళ్ళు కొరికినట్టు "కిర్ర్" మనేది. మొదట మా వాకిట్లో కుక్క గొంతు కలిపింది, తర్వాత వీధిలోవి, ఆ తర్వాత ఊళ్ళోవన్నీ. వెనక సీట్లో శాలువా చెవులదాకా కప్పుకుని కూర్చున్న మావయ్య ఊరు దాటేదాకా తలెత్తలేదు. విచిత్రం ఏమిటంటే భద్రాచలం చేరేసరికి మూలుగు సగానికి తగ్గేది, బ్రిడ్జి దాటాక పూర్తిగా మాయమయ్యేది. మళ్ళీ మర్నాడు పొద్దున మామూలే. ఊళ్ళో తలా ఒక మాట. గేర్‌బాక్సులో ఉడుము దూరిందన్నారు కొందరు. గాలి సోకిందన్నారు కొందరు. పొగాకు బేరన్లో పనిచేసే ఆడవాళ్ళు మాత్రం శబ్దం సంగతి పట్టించుకోకుండా, "బండి పక్కకెల్లి పోతె బూరెల వాసనొస్తుందేందమ్మా" అనుకునేవాళ్ళు.

ఇన్నాళ్ళకి నా అవసరం పడింది. ఒక లావు నోటుబుక్కు కొని, మొదటి పేజీలో "శబ్ద పరిశీలన" అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. నాలుగు పొద్దులు వరసగా కారులో పడుకున్నంత పని చేసి, వెదురుకర్ర ఒక కొస నేలరేకుకీ ఇంకో కొస నా చెవికీ ఆనించి (పెద్ద మేస్త్రులు అలా చేస్తారని ఎక్కడో విన్నాను) శబ్దాలన్నీ రాసుకున్నాను. ఒకటో గేరు: ఊఁ. రెండు: కుయ్యోఁ. మూడు: కిర్ర్. న్యూట్రల్: మౌనం. వాసన: సంబంధం లేదు. చివరిది కూడా రాశాను, ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. నాలుగో పొద్దున పైలట్ బండి ఆపి, ఇంజన్ కట్టేసి, "సాబ్, ఒక్క మాట. గా దినం సంత కాడ మనం..." అని మొదలుపెట్టాడు. "పైలట్, ఇది పుస్తకాల్లో తేలాల్సిన సంగతి. సంతల సంగతి తర్వాత చూద్దాం" అన్నాను, కర్ర చెవిలోంచి తీయకుండానే. ఆయన మళ్ళీ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

నా పుస్తకంలో ఒక పట్టిక ఉండేది: గేర్‌బాక్సు అరవడానికి మూడు కారణాలని. ఒకటి, నూనె తగ్గడం. చాప ఎత్తి పుల్ల చూశాను, గుర్తుదాకా తడిగా ఉంది, కొట్టేశాను. రెండు, వయసుమీద బేరింగులు అరగడం. అదే అయితే ఆ పాత బండికి సామాన్లు దొరకవు, తీసి పక్కన పడేయాల్సిందే; మావయ్య మనసు నొచ్చుకుంటుందని దాన్నీ కొట్టేశాను. చూశారా, పరిశోధన ఎలా సాగిందో! మూడోది మిగిలింది. క్లచ్ పూర్తిగా తొక్కకుండా గేర్లు మార్చడం వల్ల రెండో గేరు పళ్ళు దెబ్బతినడం. పొద్దున్నే వసారాలో కాఫీ తాగుతున్న మావయ్య ముందు నిలబడి ఇదంతా ఇంగ్లీషులో చదివాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "తెలుగులో ఏడువు" అన్నాడు. "అంటే... తోలడంలో లోపం, మావయ్యా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది ఒక మనిషి మీద పడుతుందని కూడా నాకు తట్టలేదు.

మావయ్య పైలట్‌ని పిలిచాడు. "పదిహేడేళ్ళు నీ చేతుల్లో పెట్టి కళ్ళు మూసుకు కూర్చున్నాను కదయ్యా. పళ్ళన్నీ పాడుచేశావంట. ఏమంటావ్?" అన్నాడు. పైలట్ నావైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే. "ఏమంట అయ్యగారూ. సాబ్ సదువుకున్నడు" అన్నాడు. ఆ జవాబు మావయ్యకి ఒప్పుకోలులా వినిపించింది. కుక్కలతో కలిసి ఊరేగిన కోపం కూడా ఉందనుకుంటాను. మర్నాడు కారుని ఖమ్మం తీసుకెళ్ళి గేర్‌బాక్సు దింపించి తేవాలి, తిరిగొచ్చాక తాళాలు పొగాకు లెక్కలు రాసే గుమాస్తాకి ఇచ్చేయాలి, గుమాస్తా బావమరిది ఎవరో లైసెన్సుతో సిద్ధంగా ఉన్నాడు, ఇక వాడే తోలతాడు. ఇంతే తీర్పు. పైలట్ సరేనని తలూపి వెళ్ళి కారు తుడవడం మొదలుపెట్టాడు. నాకు కొంచెం అదోలా అనిపించింది గానీ, సాంకేతిక విషయాల్లో మొహమాటాలు కూడదని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మేమిద్దరమే బయల్దేరాం. అలవాటు ప్రకారం మూలిగి, అలవాటు ప్రకారం పాల్వంచ రాకముందే ఊరుకుంది. ఎండ ఎక్కింది. తల్లాడలో టీకి ఆగాం. పైలట్ టీ తాగకుండా గ్లాసు పట్టుకుని కారు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "ఇక మీదట ఏం చేస్తావు పైలట్?" అని అడిగాను (పరామర్శ అన్నమాట!). "మా బామ్మర్దికి లారీ ఉన్నది సాబ్. క్లీనర్ పనికి రమ్మంటుండు" అన్నాడు. యాభై ఏళ్ళ పైలట్ లారీ వెనకాల నిలబడి "రైట్, రైట్" అనడం ఒక్కక్షణం కళ్ళముందు కనిపించింది. టీ చప్పగా అనిపించింది. చక్కెర తక్కువైందని టీకొట్టువాణ్ణి కసిరాను.

ఖమ్మంలో మేము వెళ్ళిన మేస్త్రిని అందరూ చెవుల మేస్త్రి అనేవాళ్ళు. బండి గేటులోకి తిరుగుతుంటేనే రోగం చెప్పేస్తాడని పేరు. మా నల్లదొరసాని ఆయన షెడ్డులోకి పిల్లిలా వచ్చి ఆగింది. ఆయన కాసేపు విని, "మంచిగనే ఉన్నది గద. ఏం సప్పుడు?" అన్నాడు. నోటుబుక్కు తీశాను. "గది పక్కకు పెట్టు. ఎట్ల మోగుతదో నోటితోని చెయ్యి" అన్నాడు. షెడ్డులో ఉన్న ఆరేడుగురు పనులాపి చుట్టూ చేరారు. డిప్లొమా చదివిన మనిషిని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతెత్తి "ఊఁ" అన్నాను. "రెండో గేరు?" "కుయ్యోఁ." "జర జోరుగ." "కుయ్యోఁఁ!" ఎవరో వెనకాల కిసుక్కున నవ్వారు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. డాక్టరులా ఒక్కొక్కటే అడిగాడు. పొద్దుగాలనా, పొద్దుమీకినంకనా? ఎండకాలం ఉండెనా? యేడెక్కినంక ఆగుతదా? అన్నిటికీ నాకంటే ముందే పైలట్ పొడిపొడిగా జవాబిచ్చాడు. మేస్త్రి చాప ఎత్తి పుల్ల లాగి, దాని కొసని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళమధ్య రుద్దుకున్నాడు. మళ్ళీ వాసన చూశాడు.

"ఎవల్రా, గేర్‌బాక్సుల బూరెలు కాల్చింది?" అన్నాడు.

షెడ్డంతా గొల్లుమంది. నవ్వులు ఆగాక మేస్త్రి నాకు నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. "ఇది ఇప్పనూనె. సలికి పేరుకుంటది. రాత్రంత నిలవడితే తెల్లారెవరకు నెయ్యి లెక్క గడ్డ అయితది. గేర్లు ఆ గడ్డను కోస్కుంట ఉత్తగ తిరుగుతయి, పండ్లకు సుక్క గూడ అంటదు. అందుకే మూలుగుడు. యేడికి కరిగినంక అందుతది, సప్పుడు బంద్. పండ్లకేం కాలె, బేరింగులకేం కాలె. ఈయన గేరేసే తీరుకు ఇంకో ఇరవయ్యేండ్లయినా ఏం కాదు." తర్వాత చేతులు తుడుచుకుంటూ, "ఇంతకు ఎవలు పోసిన్రు?" అన్నాడు.

"నేనే పోసిన మేస్త్రీ" అన్నాడు పైలట్.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రాయి, ఎర్రమట్టి, మోదుగాకు గరాటు, ఎవరింట్లో పెళ్ళని నవ్విన ఆవిడ, ఊరి దగ్గర నేనడిగిన ఒట్టు, అన్నీ ఒక్కసారే వరసకట్టి వచ్చి నిలబడ్డాయి. వెంటనే ముందుకొచ్చి నిజం చెప్పానని ఇక్కడ రాసుకోవచ్చు, అడిగేవాళ్ళెవరూ లేరు. కానీ అలా జరగలేదు. మేస్త్రి చేతులు పూర్తిగా తుడుచుకునేదాకా ఊరుకున్నాను. బీడీ వెలిగించుకునేదాకా ఊరుకున్నాను. "ఇన్నేండ్ల సంది తోలుతున్నవ్, గింత తెల్వదా? సిగ్గులేదా?" అని ఆ మనిషిని అందరి ముందూ కడిగేస్తుంటే, ఆయన తలొంచుకుని వింటుంటే, అదీ చూస్తూ ఊరుకున్నాను. చివరికి "నేను పోశాను" అన్నాను. ఆ గొణుగుడు పక్కన సుత్తి దెబ్బల్లో కలిసిపోయింది. మేస్త్రి "ఆఁ?" అన్నాడు. ఇంకోసారి చెప్పాల్సొచ్చింది. ఈసారి గట్టిగా చెప్పాను. సరిగ్గా అప్పుడే సుత్తి ఆగింది. షెడ్డంతా విన్నది, బయట పంచర్లేసేవాడు కూడా విన్నాడు.

మేస్త్రి నన్ను కిందనుంచి పైదాకా చూసి, బిరడా విప్పి నూనంతా వంపి, డీజిలుతో కడిగి, కొత్త గేర్ ఆయిల్ పోశాడు. పని గంటలో అయిపోయింది. తిరుగుదారిలో పైలట్ ఎప్పటిలాగే నెమ్మదిగా తోలాడు. "ఏం కాదులే సాబ్, అయ్యగారికి నేను చెప్పుకుంట" అంటాడేమోనని తల్లాడ దాటేదాకా ఎదురుచూశాను. కొత్తగూడెం దాటేదాకా కూడా చూశాను. అనలేదు.

పొద్దు వాలకముందే ఊరు చేరాం. మావయ్య బేరన్ ముందు నిలబడి ఉన్నాడు, పక్కన గుమాస్తా. పైలట్ దిగి, చెప్పిన మాట ప్రకారం, తాళాలు గుమాస్తా చేతిలో పెట్టాడు. అది చూశాక ఇక ఆగడం నా వల్ల కాలేదు. తలా తోకా లేకుండా చెప్పాను. ముందు శబ్దం పోయిందని, తర్వాత రాయని, తర్వాత నూనని, ఆఖరికి ఒట్టని. మావయ్య నన్ను పక్కకి జరిపి, పైలట్ వైపు తిరిగి, "నువ్వెందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు.

"సాబ్ చెప్పద్దన్నడు. చెప్పనన్న."

"పని పోతుంటే కూడానా?"

"పని పోతదని ఎర్కయినంక మాటెట్ల మారుస్త అయ్యగారూ" అన్నాడు పైలట్.

మావయ్య గుమాస్తా చేతిలోంచి తాళాలు లాక్కుని పైలట్ ముందు చాపాడు. "తప్పు నాదే. తీసుకో" అన్నాడు. మావయ్య నోట తప్పు అనే మాట నేను వినడం అదే మొదలు, అదే చివర. పైలట్ వెంటనే తీసుకోలేదు. "ఒక్క ముచ్చట అయ్యగారూ. రేపటి సంది సాబ్‌ను ఎనక సీట్ల కూసోమనుండ్రి. ముంగట వద్దు" అన్నాడు. గుమాస్తా పొగాకాకు ఏదో సర్దుతున్నట్టు మొహం తిప్పుకున్నాడు. ఆ చలికాలం మిగిలిన రోజులన్నీ నేను వెనక సీట్లో దొరబాబులా కూర్చుని తిరిగాను. చూసినవాళ్ళు గౌరవం అనుకునేవాళ్ళు.

ఎండలు ముదిరే వేళకి ఒక బస్సు డిపోలో ఉద్యోగం వచ్చింది. ఖమ్మం స్టేషన్‌లో నన్ను రైలెక్కించడానికి పైలటే వచ్చాడు. ఆయనకి నామీద కోపం పోయిందో లేదో నాకు చివరిదాకా తెలీలేదు. పెట్టె కిటికీలోంచి అందిస్తూ, "సాబ్, ఆడ డ్రైవర్లు శానమంది ఉంటరు. ఆళ్ళు ఏదన్న చెప్పవోతె పూరా ఇను. అటెంక రాయి" అన్నాడు. నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. డిప్లొమా చదివినవాడికి ఒక డ్రైవరు నేర్పడమా అని కాజీపేట దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ముప్పై ఏళ్ళు నా బల్ల ముందు డ్రైవర్లు నిలబడుతూనే వచ్చారు. బస్సు చెడిన ప్రతిసారీ నేనొక కాగితం నింపాలి, అందులో కారణం అని ఒక గడి ఉంటుంది, "తోలడంలో లోపం" అని రాస్తే గడి సరిగ్గా నిండుతుంది. చాలాసార్లు పెన్ను పక్కనపెట్టి "చెప్పవయ్యా, ఏం జరిగింది" అని అడిగాను. అబద్ధమెందుకు, పై ఆఫీసు ఫోను మోగుతుండగా, ఎదుటిమనిషి నోరు తెరుస్తుండగానే రాసేసిన రోజులూ ఉన్నాయి. అవి ఎన్నో నాకు తెలీదు. వాళ్ళలో ఎంతమంది ఎవరికి మాటిచ్చి నోరు మూసుకున్నారో అంతకంటే తెలీదు. ఆ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో గానీ, వాటికింద సంతకం మాత్రం నాదే, చక్కగా, గుండ్రంగా. వెదురుకర్ర చెవిలో పెట్టుకుని కుయ్యోమన్న ఆ ఇస్త్రీచొక్కా కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడెంత తెలివితక్కువవాడైనా, మొదటిసారి గొణిగినా, రెండోసారి గట్టిగానే చెప్పాడు.